నాణెం తీసుకోని కత్తి

జనవరి 12, సోమవారం, 1959

పాలు 1,310 లీటర్లు. రోజంతా వాన.

కొత్త డైరెక్టరు పిరిసీనో నన్నూ బక్కీజియోనూ గదిలోకి పిలిచాడు. సస్సారి పట్నం నుంచి కూడికల యంత్రం వస్తోందట. జూన్ నెలాఖరుకు గొర్రెలు వట్టిపోయాక మా పాల సంఘం ఆఫీసులో ఒక్క గుమాస్తా చాలట. ఇద్దరిలో ఎవరన్నది ఈలోపు తేలుస్తాడట. మర్యాదగానే చెప్పాడు, కూర్చోమని మాత్రం అనలేదు.

బయటికి వచ్చాక బక్కీజియో, ఎప్పటిలాగే వరస పెట్టి పిలుస్తూ, అన్నాడు, "ఆ యంత్రం మధ్యాహ్నం రొట్టె తింటుందా కొంపారె? తినకపోతే దాని వాటా నాకు."

నేను నవ్వలేదు. బక్కీజియో ఐదు తరగతులు చదివాడు. నేను రెండు. మిగతాదంతా పాత పత్రికలు చూసి నేర్చుకున్నదే. ఆ సంగతి డైరెక్టరుకు తెలుసో లేదో.

జనవరి 14, బుధవారం

పాలు 1,355.

నాన్న కత్తి విరిగింది. పాలు తోడుపెట్టే మందు వచ్చిన చెక్కపెట్టె మూత లేపబోతే అలుగు సగానికి పుటుక్కుమంది. తప్పు నాదే. నలభై ఏళ్లు గొర్రెల దగ్గర బతికిన కత్తి, ఆఫీసులో చచ్చింది.

డైరెక్టరు చూసి, "మంచిదే అయింది. జానెడు కత్తి జేబులో పెట్టుకుని వస్తే మనల్ని గుమాస్తాలంటారా, దొమ్మీకి వచ్చినవాళ్లంటారా? ఆఫీసుకు తగ్గది ఒకటి చూసుకోండి" అన్నాడు.

ముక్కలు రెండూ చెత్తబుట్టలో వేశాను.

"మీ నాన్న కత్తి అది" అన్నాడు బక్కీజియో.

"విరిగిన ఇనుము దగ్గర ఉంచుకుంటే మంచిది కాదు."

"ఎవరన్నారు?"

"మా నాన్నే."

జనవరి 15, గురువారం

పాలు 1,340. పొద్దున్న వచ్చేసరికి నా చెత్తబుట్ట ఖాళీగా ఉంది. ఊడ్చే ఆమె శనివారం గానీ రాదు. నిన్న అందులో పారేసినవి: కత్తి ముక్కలు, సిరా ఒలికిన కాగితం, డైరెక్టరుకు రాయాలని మొదలుపెట్టి చింపేసిన ఉత్తరం. ఆ ఉత్తరంలో నా పదిహేడేళ్ల సర్వీసు గురించి నాలుగు వాక్యాలున్నాయి.

ఆఫీసు తాళంచెవులు మూడు. డైరెక్టరుది, నాది, బక్కీజియోది. డైరెక్టరు నిన్న నాలుగింటికే వెళ్లిపోయాడు.

జనవరి 22, గురువారం

పాలు 1,402. డైరెక్టరు ప్రతి గురువారం లాగే జున్ను లారీతో ఒజియేరి వెళ్లాడు. పదిన్నరకు బక్కీజియో టోపీ పెట్టుకుని, "ఇప్పుడే వస్తా కొంపారె, ఎవరైనా అడిగితే పాలు తూచే దగ్గర ఉన్నానని చెప్పు" అన్నాడు. పన్నెండుకు పది నిమిషాలుందనగా వచ్చాడు. ఎక్కడికని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

జనవరి 29, గురువారం

మళ్లీ వెళ్లాడు. పదీ ముప్పై అయిదు నుంచి పదకొండూ యాభై దాకా.

ఫిబ్రవరి 5, గురువారం

పదీ ఇరవై నుంచి పన్నెండు దాకా.

ఫిబ్రవరి 12, గురువారం

పాలు 1,610. పది నలభైకి వెళ్లాడు. నేను తపాలా వంకతో కొంచెం దూరం వెనకే నడిచాను. చర్చి వెనక వీధిలోకి తిరిగాడు. ఆ వీధిలో ఉన్నవి మూలన సంఘం అధ్యక్షుడి ఇల్లు, రెండు పాడుబడ్డ కొట్టాలు, కత్తులు చేసే ఆంతీనె బాబాయి కొట్టు. బక్కీజియోకు కత్తి ఉంది. పెళ్లిలో మామగారు పెట్టింది, బంగారంలా చూసుకుంటాడు. కొత్తది కొనుక్కునే మనిషి కాదు.

అంటే అధ్యక్షుడి ఇల్లే. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి.

మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు అతని చేతులు చూశాను. గోళ్ల సందుల్లో బూడిద రంగు తడి మట్టి. అధ్యక్షుడి పెరట్లో పని కూడా చేసిపెడుతున్నాడేమో.

నాకు కత్తి లేదు గనక జున్ను అతనే కోసి పెడుతున్నాడు, నెలరోజులుగా. ఇదివరకు అది నాకు పట్టేది కాదు.

ఫిబ్రవరి 19, గురువారం

పది ముప్పై నుంచి పదకొండు యాభై.

ఫిబ్రవరి 26, గురువారం

పది ముప్పై నుంచి పన్నెండూ పది. ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పాలు 1,745.

మధ్యాహ్నం రొట్టె విప్పాక బక్కీజియో రుమాలులో చుట్టినదేదో నా ముందు పెట్టాడు. చిన్న మడత కత్తి. మూసి ఉంటే నా చూపుడువేలంత లేదు. పొట్టేలు కొమ్ము పిడి, తేనె రంగు, బాగా నునుపుపెట్టి ఉంది. కోటు జేబులో ఉన్నట్టే తెలియదు.

"ఆఫీసుకు తగ్గది" అన్నాడు డైరెక్టరు గొంతుతో. "ముక్కు మొండిగా చేయించా. పోలీసు అధికారి ఎదురుపడ్డా దండం పెట్టి పోతాడు."

నేను వెంటనే జేబులోంచి ఐదు లీరాల నాణెం తీసి బల్లమీద పెట్టాను. కత్తి ఊరికే తీసుకుంటే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఉన్నది తెగుతుంది. ఒక్క నాణెం ఇస్తే అది కొన్నట్టు లెక్క, ఏమీ తెగదు. పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

బక్కీజియో నాణేన్ని వేలితో నా వైపు తోశాడు.

"దీనికి నాణెం అక్కర్లేదు."

"తీసుకో."

"అక్కర్లేదంటున్నానుగా. ఇంటికెళ్లి తీరిగ్గా చూసుకో, నీకే తెలుస్తుంది." నవ్వుతున్నాడు. చూడమన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఇంతలో పాలబండి వచ్చింది.

మా అమ్మాయి జువన్నికాకు అతను జ్ఞానతండ్రి. చర్చిలో జ్ఞానస్నానానికి పిల్లను ఎత్తుకుని నిలబడిన రోజు నుంచి, పద్నాలుగేళ్లుగా, అతని నోట నా పేరు రాలేదు, నా నోట అతని పేరు రాలేదు. కొంపారె అనుకుంటాం. ఆ వరస కలిసినవాళ్లు పేరు పెట్టి పిలుచుకోవడం మొహాన ఉమ్మడంతో సమానం. అలాంటి మనిషి కత్తి ఇచ్చి నాణెం వద్దన్నాడు.

తెగాలనే అతని కోరిక. తెగితే జూన్‌లో అతనికి సిగ్గుపడే పని ఉండదు.

ఫిబ్రవరి 28, శనివారం

కత్తి తెరవలేదు. తెరిస్తే ఒప్పుకున్నట్టే. రుమాలుతో సహా ఇంట్లో దుప్పట్ల బీరువాలో పెట్టాను. నా భార్య మల్లేనాకు చెప్పలేదు.

మార్చి 4, బుధవారం

పాలు 1,790. బక్కీజియో పాలు తూచే దగ్గరికి వెళ్లినప్పుడు అతని కోటు ఎడమ జేబులో ఐదు లీరాలు వేశాను. తెలిసి తీసుకున్నా తెలియక తీసుకున్నా తీసుకోవడమే. మనసు తేలికపడింది.

మార్చి 5, గురువారం

పడలేదు.

మధ్యాహ్నం అతను నాణెం బల్లమీద పెట్టి డాల్ఫిన్ బొమ్మ పైకి తిప్పాడు. "నా జేబులో చేప ఈదుతోంది. నీదా కొంపారె?"

"కాదు."

"కత్తి తెరిచి చూశావా?"

"చూశాను."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత నాణెం చొక్కా పైజేబులో వేసుకుని, జున్ను రెండు ముక్కలు కోసి, నా ముక్క నా వైపు జరిపాడు. ఇవాళ గురువారమే, డైరెక్టరు ఊళ్లో లేడు, అయినా బక్కీజియో ఎక్కడికీ వెళ్లలేదు. పని పూర్తయిందన్నమాట.

మార్చి 11, బుధవారం

పాలు 1,820. పెన్సిళ్లు మొండిపోయాయి. పళ్లతో పురికొస తెంపుతుంటే డైరెక్టరు చూశాడు. కత్తి ఒకటి కొనాల్సిందే.

సాయంత్రం ఆంతీనె బాబాయి కొట్టుకు వెళ్లాను. ఎనభై దాటాడు. కళ్లు మసకలు, చేతులు వణుకు, నోరు మాత్రం పదును.

"ఆఫీసుకు ఒకటి కావాలి బాబాయ్. చిన్నది, మొండి ముక్కుది."

"నీకు నేను అమ్మను."

"ఏం?"

"జేబులో ఒకటి పెట్టుకుని ఇంకోటి అడిగేవాడికి నా కొట్లో కత్తి లేదు. రెండో పెళ్లాన్ని వెతుక్కునేవాడికి కూడా ఇదే చెప్తా."

"ఎవరు చెప్పారు నాకు ఒకటుందని?"

"ఊళ్లో కత్తులు చేసేది నేనా, నువ్వా? వెళ్లు, వెళ్లి దాన్ని తెరువు."

అంటే ఇది ఇతనికీ తెలుసు. ఇద్దరూ నన్ను తెరవమంటున్నారు. తెరిస్తే నాకేమవుతుందో ఇద్దరికీ తెలుసు.

మార్చి 14, శనివారం

పాలు 1,805. బస్సులో ఒజియేరి వెళ్లాను. కొట్టువాడు ఎర్రగుడ్డ మీద మూడు కత్తులు పరిచాడు.

మొదటిది నల్లకొమ్ముది. అందంగా ఉంది గాని తెరిచినప్పుడు తుపాకీ మీట నొక్కినంత చప్పుడు. నిశ్శబ్దంగా ఉండే గదిలో పనికిరాదు. రెండోదానికి అలుగు మందం. రొట్టెకు, జున్నుకు సరే, పెన్సిల్‌ను చెక్కదు, విరుస్తుంది. మూడోది సన్నది, తేలిక, ముక్కు గుండ్రం. పురికొస మీద పెట్టగానే తెగింది. చొక్కా జేబులో వేసుకుని వంగి చూశాను, జారలేదు. కుర్చీలో కూర్చుని చూశాను, తొడకు గుచ్చుకోలేదు. ఫ్యాక్టరీ సరుకు. పిడి కొమ్ము కాదు, కొమ్ములా కనిపించే ఏదో.

మూడోదే తీసుకున్నాను. డబ్బిచ్చి కొన్నాను, ఎవరికీ ఏమీ బాకీ లేను.

మార్చి 16, సోమవారం

కొత్త కత్తితో నా జున్ను నేనే కోసుకున్నాను. బక్కీజియో దాన్ని చూశాడు. నన్ను చూశాడు. రొట్టె నోట్లో పెట్టుకున్నాడు.

ఈమధ్య తక్కువ మాట్లాడుతున్నాడు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడు.

ఏప్రిల్ 20, సోమవారం

పాలు 1,690. తగ్గుముఖం.

బక్కీజియో పాలు తూచే దగ్గర ఉండగా డైరెక్టరు నన్ను పిలిచాడు. ఈసారి కూర్చోమన్నాడు.

"మీ ఇద్దరి దస్తూరీ ఒకటే, లెక్కలూ ఒకటే. నాకు తేడా కనిపించడం లేదు. గురువారాలు నేను ఉండను గదా, ఆఫీసు వేళలు ఎలా సాగుతున్నాయి?"

"సాగుతున్నాయి."

"మీరు అన్నీ రాసిపెట్టుకునే మనిషని విన్నాను."

ఎవరి దగ్గర విన్నాడు? ఇంకెవరు, బక్కీజియోనే చెప్పి ఉంటాడు. ఏమని చెప్పాడో.

ఏప్రిల్ 22, బుధవారం

ఒక కాగితం మీద ఆరు తేదీలు, వెళ్లిన వేళ, వచ్చిన వేళ రాసి ఇచ్చాను. అంతే. ఎక్కడికి వెళ్లాడో రాయలేదు. నాకు తెలియనిది నేను రాయను. అబద్ధం ఒక్కటీ లేదు.

డైరెక్టరు మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. "అడిగారు కాబట్టి ఇచ్చాను" అన్నాను. "అవును, అడిగాను" అన్నాడు.

ఏప్రిల్ 23, గురువారం

అడిగాడు కాబట్టే ఇచ్చాను.

మే 30, శనివారం

పాలు 870.

బక్కీజియోను లోపలికి పిలిచారు. తలుపు ఓరగా ఉంది. డైరెక్టరు తేదీలు ఒక్కొక్కటీ చదివాడు.

"ఇవి నిజమేనా?"

"నిజమే."

"ఎక్కడికి వెళ్లారు?"

"సొంత పని."

"కారణం చెబితే ఆలోచిస్తాను."

"నాది కాని సంగతి నేనెలా చెప్తాను? మీ కాగితం మీద ఉన్నది చాలు."

జూన్ 30 అతని ఆఖరి రోజు. మిగిలిన సెలవులు వాడుకుని ఇవాళే వెళ్లిపోతానన్నాడు. బల్ల సర్దుకున్నాడు. కాగితం ఎవరి దస్తూరీనో పదిహేడేళ్లు ఎదురుగా కూర్చున్నవాడికి తెలియదా. గుమ్మం దగ్గర ఆగి, "యంత్రానికి వేళకు రొట్టె పెట్టు కొంపారె" అన్నాడు.

ఇంకా కొంపారె అన్నాడు. అంటే కోపం లేదు. లేదా, తెలియలేదు.

జూన్ 3, బుధవారం

పాలు 790. పనిలో పొరపాట్లు లేవు. ఆఫీసు నిశ్శబ్దంగా ఉంది. కొత్త కత్తి స్ప్రింగు సడలింది, జేబులో దానంతటదే తెరుచుకుంటోంది.

జూన్ 14, ఆదివారం

మల్లేనా అన్నగారింట్లో గొర్రెల ఉన్ని కత్తిరింపు. నలభైమందికి భోజనాలు. పొద్దున్న బయల్దేరేటప్పుడు మల్లేనా బీరువాలో శుభ్రమైన గుడ్డలు తీస్తూ రుమాలు మూట కూడా బుట్టలో పడేసుకుందట. నాకు తెలియదు.

భోజనాల దగ్గర ఆమె చేతిలో ఆ కత్తి తెరిచి ఉంది. సాసేజి కోస్తోంది.

"ఎక్కడిది నీకది?"

"నీ దుప్పట్ల కింద దొరికింది. భలే తెగుతోంది. మీ నాన్న కత్తి ఇంత పొట్టిదెప్పుడైంది బైన్జూ?"

"నాన్న కత్తి విరిగిపోయింది."

"మరి ఇదేంటి?"

తుడిచి నా చేతికిచ్చింది. అలుగు మొదట్లో, మూస్తే పిడిలో దాగిపోయే చోట, మా ఇంటి గొర్రెల చెవి గుర్తు ఉంది. కుడి చెవికి అర్ధచంద్రం, ఎడమ చెవికి రెండు గాట్లు. పక్కన కొంచెం వంకరగా నాన్న గీసుకున్న గీత. ఆయన నా వయసులో ఉన్నప్పుడు గీసుకున్నది.

కొమ్ము కూడా అదే. నలభై ఏళ్ల కొవ్వూ పొగా చెక్కేస్తే లోపల తేనె రంగుందని నాకేం తెలుసు.

"బక్కీజియో ఇచ్చాడు" అన్నాను. "నాణెం ఇస్తే తీసుకోలేదు."

మల్లేనా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఎవరి కత్తికి వాళ్లు నాణెం ఇస్తారా?"

తిరిగొచ్చే దారిలో ఆంతీనె బాబాయి గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి తనే మొదలుపెట్టాడు.

"తెరిచావన్నమాట. నాలుగు నెలలు పట్టిందిరా. విరిగిన అలుగు మళ్లీ సానపట్టాలంటే చక్రం ఒకరు తిప్పాలి. నా కుర్రాళ్లు ఎవరున్నారు? నాకు వెలుగుంటేనే కనిపిస్తుంది, పొద్దున పూట రమ్మన్నా. గురువారాలు వచ్చి తిప్పాడు. ముక్కలు చెత్తలోంచి ఏరుకొచ్చానని నవ్వాడు. సానమట్టితో మోచేతుల దాకా బూడిదయ్యేవాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. 'వాడే తెరిచి చూసుకుంటాడు, అప్పుడు వాడి మొహం చూడాలి నేను' అన్నాడు."

"ఎన్ని గురువారాలు?"

"నేను గుమాస్తానా లెక్కపెట్టడానికి?"

జూన్ 15, సోమవారం

పాలు 410.

డైరెక్టరు గది ముందు రెండుసార్లు నిలబడ్డాను. చెప్పడానికి ఏముంది? కాగితం మీద ఉన్నదంతా నిజమే. బక్కీజియో బల్ల ఖాళీ చేసి పదిహేను రోజులైంది. అతని కుర్చీ గోడౌన్‌కు పంపారు.

జూన్ 16, మంగళవారం

మళ్లీ నిలబడ్డాను. లోపలికి వెళ్లాను. ఆ గురువారాల్లో బక్కీజియో నా పని మీదే వెళ్లాడని చెప్పాను. డైరెక్టరు కళ్లజోడు తీశాడు. "ఆ సంగతి ఏప్రిల్‌లో మీకు తెలియదా?" అన్నాడు. తెలియదన్నాను. "అధ్యక్షుడు సంతకం పెట్టేశాడు. మీరు మంచి మనసుతో చెబుతున్నారు, గుర్తుంచుకుంటాను" అన్నాడు.

అధ్యక్షుడు డైరెక్టరుకు బావమరిదేమో, బక్కీజియోను తీసేయాలని ఇద్దరూ ముందే అనుకున్నారేమో, నా కాగితంతో పనే లేదేమో అని దారిలో ఆలోచించాను. ఇంటికి చేరేదాకా అదే ఆలోచించాను. ఆ ఆలోచన హాయిగా ఉంది.

జూన్ 21, ఆదివారం

బక్కీజియో ఇంటికి వెళ్లాను. పెరట్లో చిక్కుళ్లు వలుస్తున్నాడు. వచ్చే నెల నుంచి కొండమీద తన తమ్ముడి మందకు వెళ్తాడట. ఆ వయసులో. కూర్చోమన్నాడు. ఇంకో గిన్నె ఇచ్చాడు. ఇద్దరం వలిచాం.

నేను కత్తి తీసి తెరిచి గుర్తు పైకి కనబడేలా బండమీద పెట్టాను.

"చూశావా" అన్నాడు.

"చూశాను."

"ఎప్పుడు?"

"వారమైంది."

తల ఊపాడు. "చేప దొరికిన రోజే నాకర్థమైంది తెరవలేదని. చెబుదామనుకున్నా. అబద్ధమాడావుగా, చూశానని. ఇక నేనేం చెప్పేది?" కొన్ని కాయలు వలిచాక, "కాగితంలో ఎన్ని గురువారాలు రాశావు?" అన్నాడు.

"ఆరు."

"ఐదు. ఒక గురువారం పన్ను పీకించుకోవడానికి వెళ్లా. ఫిబ్రవరి ఐదు."

"నాకు చెప్పాల్సింది."

"నువ్వు అడగాల్సింది."

అతని భార్య లోపల్నుంచి కాఫీ తీసుకురాలేదు. ఎప్పుడూ తెచ్చేది.

లేచేటప్పుడు బక్కీజియో చొక్కా పైజేబులోంచి ఐదు లీరాల నాణెం తీసి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"ఇది నీది. నీ కత్తికి నేను డబ్బు తీసుకోను."

ఆ మాట ఫిబ్రవరిలో అన్నదే. అప్పటి అర్థమే ఇప్పుడూ అయ్యుండాలి. అతను నాణెం ఉంచుకుంటే నేను కొన్నట్టు, తిరిగిచ్చేస్తే అది మొదటి నుంచీ నాదేనన్నట్టు. ఇందులో తెగేదేమీ లేదు. దారంతా ఇలాగే సర్దిచెప్పుకున్నాను.

కానీ గేటు దగ్గర వెనకనుంచి పిలిచాడు. చిక్కుళ్ల తొక్కలు నా చొక్కాకు అంటుకున్నాయని చెప్పడానికి.

"బైన్జూ" అన్నాడు.

జూన్ 30, మంగళవారం

పాలు లేవు. కాలం ముగిసింది.

డైరెక్టరు కొత్త పుస్తకాల కట్ట తెచ్చి విప్పమన్నాడు. జేబులోంచి నాన్న కత్తి తీసి పురికొస కోశాను. చప్పుడు లేకుండా తెరుచుకుంది, చప్పుడు లేకుండా మూసుకుంది. డైరెక్టరు చెయ్యి చాపితే ఇచ్చాను. బరువు చూశాడు, మొండి ముక్కు మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"ఇదీ ఆఫీసుకు తగ్గ కత్తి. ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు" అన్నాను.

ఎవరిచ్చారని అడగలేదు. రేపో ఎల్లుండో అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలో ఇక్కడ రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.